అచ్చియమ్మ రేడియోకి కళ్లు

రేడియో మెకానిక్ వెంకటరావు మాట తప్పే మనిషి కాదు, ఆలస్యం చేసే మనిషి. ఈ రెండింటికీ చాలా తేడా ఉందని అతని భార్య అన్నపూర్ణ ఇరవై ఎనిమిదేళ్లుగా సంతకొచ్చిన వాళ్లకి సర్దిచెబుతూ వచ్చింది. ఒక్క కొండ మీంచి వచ్చే సోంబరు రేడియో దగ్గర మాత్రం ఆ తేడా ఏమిటో ఆవిడకే తెలియకుండా పోయింది.

ఆ రేడియో పాడేరు మెయిన్ రోడ్డులోని వాళ్ల కొట్లో, పై అరలో, పదకొండేళ్లుగా ఉంది. పెద్ద ఇటుకంత చెక్కపెట్టె. ముందువైపు స్టేషన్ల అంకెలున్న గాజుపలక, దాని పక్కన గుడ్డ కప్పిన స్పీకరు, వెనక నాలుగు మరల మూత, నెత్తిన ముడుచుకునే ఏంటెన్నా. నెలకోసారి అన్నపూర్ణ దాన్ని దించి, దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేది. తుడిచినప్పుడల్లా అచ్చియమ్మ గుర్తొచ్చేది.

అచ్చియమ్మ సోంబరు భార్య. వాళ్లది పెదబయలు దారిలో జీపు దిగి గంటసేపు కొండెక్కితే వచ్చే చిన్న గూడెం. అన్నపూర్ణ చోడవరం నుంచి కొత్త కోడలుగా పాడేరు వచ్చిన ఏడాది, ఒక సంత రోజున, ఆ ఇద్దరూ పసుపు కావిడి దించుకుని తిన్నగా కొట్టుకొచ్చి ఈ రేడియో కొన్నారు. వెంకటరావుకి ఒక అలవాటు ఉండేది. కొత్తదైనా, బాగుచేసినదైనా, కొట్టు దాటే ప్రతి రేడియోకీ వెనక మూత మీద కుంకుమ బొట్టు పెట్టి, కళ్లకద్దుకుని ఇచ్చేవాడు. ఆ రోజూ అలాగే పెట్టాడు. అది చూసి అచ్చియమ్మ కొట్టు లోపలికి తొంగిచూసింది. తలుపు చాటున నిలబడ్డ అన్నపూర్ణ కనిపించింది.

"పెట్టికి పెట్టినారు, మరి నాకో?" అంది నుదురు ముందుకు చాపి.

అన్నపూర్ణ బెదురుబెదురుగానే బొట్టు పెట్టింది. అప్పటికి ఆవిడ పాడేరు వచ్చి పది రోజులు. పొద్దున్న తొమ్మిదయినా విడవని మంచు, అర్థంకాని మాటలు, ఎప్పుడూ తడిగానే ఉండే బట్టలు. రోజూ దీపం పెట్టి ఏడ్చేది. అచ్చియమ్మ కొంగు ముడి విప్పి ఒక పచ్చి పసుపు కొమ్ము తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "మా పొలంది. మీ దేవుడికి పెట్టుకో," అంది. ఈ ఊళ్లో తనకి మొదట దక్కిన మంచిమాట అదేనని అన్నపూర్ణ ఇప్పటికీ చెబుతుంది. ఆ ఏడు మొదలు దేవుడి గూట్లో వాళ్ల పొలం పసుపే.

కొండ మీద ఒక పద్ధతి ఉంది. మనసు కలిసిన ఇద్దరు నేస్తం కట్టుకుంటారు. ఇక ఆ తర్వాత పేరు పెట్టి పిలుచుకోరు, నేస్తమనే పిలవాలి. ఆ మరుసటేడు సోంబరు, వెంకటరావు నేస్తం కట్టుకున్నారు. నేస్తానికిచ్చిన మాట సొంత అన్నదమ్ములకిచ్చిన మాటకంటే బరువని కొండవాళ్లంటారు.

ఆ రేడియోతో అచ్చియమ్మ మాట్లాడేది. అవతల అనౌన్సరు "శ్రోతలకు నమస్కారం" అనగానే, పొయ్యి దగ్గర్నుంచే "నమస్కారం బాబూ, తిన్నావా?" అని అడిగేది. గూడెమంతా నవ్వేవారట. "ఆ బాబు ఊరందరితోటీ మాటాడతన్నాడు. తిన్నావా అని ఎవులైనా అడిగినారేటి?" అనేది ఆవిడ. ఈ సంగతి సోంబరు కొట్టు అరుగు మీద కూర్చుని చెప్పిన ప్రతిసారీ వెంకటరావు పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

పదకొండేళ్ల కిందట రేడియో మూగబోయింది. సోంబరు దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. "వచ్చే సంతకి పలికిస్తాను నేస్తం," అన్నాడు వెంకటరావు. లోపల కాలిపోయిన ముక్క విశాఖపట్నంలోనూ దొరకలేదు. వచ్చే సంత, ఆపై సంత, అలా ఎన్ని సంతలో. ఆరేళ్ల కిందట వానాకాలం జ్వరంతో అచ్చియమ్మ పోయింది. దినాలయ్యాక సోంబరు పసుపు పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అలవాటు కొద్దీ పై అరకేసి చూశాడు. ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడమే వెంకటరావుని తినేసింది.

మూడేళ్ల కిందట ఘాట్ రోడ్డులో జీపు బోల్తాపడి అతని కుడి మణికట్టు విరిగింది. అతికింది గానీ వణుకు పోలేదు. టంకం పెట్టే చెయ్యి అన్నం కలుపుకోవడానికే కష్టపడేది.

ఇప్పుడు పాడేరు జిల్లా కేంద్రమయింది. రోడ్డుకి రెండు వైపులా మేడలు లేస్తున్నాయి. కొట్టు ఉన్న ఇంటి ఓనరూ పడగొట్టి కట్టుకుంటానన్నాడు. ఫాల్గుణమాసం మూడో సంతకి ఖాళీ చెయ్యాలి. వెంకటరావు అరల్లోని పాత సామానంతా ఎవరిది వాళ్లకి కబురు పెట్టి ఇచ్చేశాడు. చివరికి సోంబరు రేడియో ఒక్కటే మిగిలింది.

"అదీ ఇచ్చెయ్యండి. సోంబరన్న ఏమీ అనుకోడు," అంది అన్నపూర్ణ.

"ఉత్తి పెట్టి ఎలాగిత్తానే? పలికిస్తానని మాటిచ్చేను. కొట్టు మూసేలోగా పలికించే ఇత్తాను."

"ఆ ముక్క దొరకదని మీరే అన్నారు కదా."

వెంకటరావు ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. ఎవరో కుర్రాడి బల్ల మీద అరచేతిలో పట్టేంత బొమ్మ. మొహానికి బదులు చిన్న తెర, ఆ తెరలో రెండు కళ్లు. చప్పట్లు కొడితే కళ్లు తెరిచి, మాట్లాడుతోంది. "ఇలాటి రోబోని ఆ పెట్టిలో కూర్చోబెడదాం. స్పీకరు బాగానే ఉంది. గాజుపలక వెనక కళ్లు పెడదాం. ఏంటెన్నాకి మోటారు పెడితే చెయ్యెత్తుద్ది."

"మరి ఈ సన్నపనికి చెయ్యెవరిది?"

అతను ఆవిడ చేతులకేసి చూశాడు.

కూతురు శ్రావణి విశాఖపట్నంలో పాలిటెక్నిక్ చదువుతోంది. సెలవుకి వచ్చినప్పుడు సామాను తెచ్చింది. అగ్గిపెట్టెలో పట్టేంత మైక్రోకంట్రోలర్ బోర్డు, రెండు వేళ్ల వెడల్పు డిస్‌ప్లే, వేలెడంత మోటారు, చప్పుడు వింటే కబురందించే చిన్న సెన్సరు, మెమరీ కార్డులోని గొంతుని స్పీకరుకి పంపే మరో ముక్క, చార్జింగు బ్యాటరీ. అన్నిటినీ అన్నపూర్ణ పళ్లెంలో పరుచుకుంది, పప్పులో రాళ్లేరేటప్పుడు పరుచుకున్నట్టు.

"ఇంతోటి ముక్కలోనేనా బుద్ధంతా ఉంటాది?"

"బుద్ధి మనం పెట్టాలమ్మా. అది ఉత్తి బుర్ర," అంది శ్రావణి.

పది రోజులపాటు వంటయ్యాక అదే పని. వెంకటరావు పక్కన కూర్చుని చెబుతాడు, అన్నపూర్ణ టంకం పెడుతుంది. మొదట్లో పెట్టినవి చూసి అతను "వడియాలు పెట్టేవేటే?" అన్నాడు. "తీగని వేడి చెయ్యి, టంకాన్ని కాదు. తీగ వేడెక్కితే అదే పాకుద్ది." నాలుగో రోజుకి టంకం మెరిసే చుక్కలా కుదురుగా నిలబడింది. అతను కళ్లద్దాలు ఎత్తి చూసి, ఏమీ అనలేదు. అనకపోతే బాగుందని అర్థం. పెళ్లయిన కొత్తలో ఆవిడ వంట తిన్నప్పుడూ అంతే.

ప్రోగ్రాం శ్రావణి ఫోన్లో చెప్పేది, వెంకటరావు పాత లాప్‌టాప్‌లో ఎడంచేత్తో ఒక్కో అక్షరం కొట్టేవాడు. మొదటిసారి గాజుపలక వెనక రెండు గుండ్రటి కళ్లు వెలిగినప్పుడు అన్నపూర్ణ దగ్గరికి జరిగి చూసింది. మరుక్షణమే చిరాకేసింది.

"ఏటలా టపటపా కొట్టేత్తంది రెప్పలు, కంట్లో నలుసు పడినట్టు? చంటిపిల్లలు ఎలా సూత్తారు? ఆగి ఆగి కదా రెప్ప వేస్తారు."

శ్రావణి ఫోన్లో నవ్వి, ప్రోగ్రాంలో ఒక అంకె మార్చమంది. కళ్లు ఆగి ఆగి రెప్పవేశాయి. మనిషి మాట్లాడితే తెరుచుకుంటాయి, ఏంటెన్నా మెల్లగా లేస్తుంది. కాసేపు ఏ చప్పుడూ లేకపోతే మూసుకుంటాయి.

గొంతు వెంకటరావుదే. "శ్రోతలకు నమస్కారం" అని పాత అనౌన్సరులా అనాలని పట్టుబట్టాడు. గొంతు సవరించుకోవడం, దగ్గడం, వీధిలో ఆటో హారన్, మళ్లీ మొదలు. పదిహేడోసారికి కుదిరింది.

"ఇది యింటే నేస్తం ఏటంటాడో," అన్నాడు. ఆ వారమంతా అతని మొహంలో ఒక వెలుగు. ఆ వెలుగు చూసి అన్నపూర్ణ దేవుడికి రోజూ ఒక దండం ఎక్కువ పెట్టింది.

ఆ మూడో సంత రోజు వచ్చింది. సోంబరు మధ్యాహ్నానికి దిగుతాడు. పొద్దున్నే వెంకటరావు టీ తాగి రావడానికి వెళ్లాడు. రేడియో ఇంట్లో పూజగది ముందు పీట మీద ఉంది, వెనక మూత ఇంకా బిగించలేదు. అన్నపూర్ణ స్నానం చేసి, దీపం వెలిగించి, పసుపు తడిపింది. అచ్చియమ్మ పొలం పసుపు.

బొట్టు మూత మీద పెట్టబోయి ఆగింది. ప్రాణమంతా లోపలున్నప్పుడు దీవెన పైన పెట్టడమేమిటి అనిపించింది. తన చేతుల మీదుగా కుదిరిన బోర్డు. దానికే పెడితే మంచిది కదా. వేలితో తడి పసుపు తీసి బోర్డు మీద ఒక చుక్క, గొంతు పలికే ముక్క మీద ఒక చుక్క, వాటి మీద కుంకుమ. పక్కనున్న బ్యాటరీకీ కాస్త. కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

కాలిన వాసన వచ్చింది. అగరొత్తి అనుకుంది. కళ్లు తెరిచేసరికి పెట్టెలోంచి సన్నటి పొగ లేస్తోంది.

వెంకటరావు వచ్చేసరికి ఆవిడ బ్యాటరీ తీగ పీకేసి, పసుపు వేళ్లతోనే కూర్చుని ఉంది.

"ఏటి సేసేవు పూర్ణా?"

చెప్పింది. అతను పీట పక్కన కూలబడి, వెనక మూతని చేతిలోకి తీసుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల నాటి కుంకుమ మరక దాని మీద నల్లబడి ఉంది.

"నేను సెక్క మీదే ఎందుకెట్టీవోణ్నో ఎప్పుడూ అడగలేదు నువ్వు," అన్నాడు. "మా గురువు చెప్పేవోడు. తడిసినది కరెంటుకి దారి. అందుకే పొడి కుంకుమ, మూత బిగించేక, సెక్క మీద."

"దేవుడి బొట్టు కదండీ," అంది ఆవిడ సన్నగా.

"దేవుడిదే. తడి మాత్రం తడే."

అన్నపూర్ణకి ఏడుపు రాలేదు. లేచి దూదిని స్పిరిట్లో ముంచి బోర్డుకున్న సన్నటి లోహపు కాళ్ల మధ్య తుడిచింది. వాడని పళ్ల బ్రష్షుతో రుద్దింది. ఎండ పెడదామంటే మంచు విడవలేదు. తడిసిన సెల్‌ఫోన్లకి అందరూ చేసినట్టే బోర్డుని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. మధ్యమధ్యలో దేవుడి గూటికేసి చూసింది. తప్పు తనదా, ఆ దేవుడికీ ఇందులో కాస్త వాటా ఉందా? అడగాలనిపించింది గానీ, అలా అడగడమూ తప్పేమోనని ఊరుకుంది.

పదకొండింటికి బోర్డు పైకి తీసి, అంతా కొట్టుకి తెచ్చి మళ్లీ అన్నీ కలిపారు. వెంకటరావు చప్పట్లు కొట్టాడు. కళ్లు తెరుచుకున్నాయి. ఏంటెన్నా లేచింది. ఇద్దరూ ముందుకి వంగారు. స్పీకరు నుంచి ఏమీ రాలేదు. మళ్లీ చప్పట్లు. కళ్లు చూస్తున్నాయి, గొంతు లేదు. ఆ ముక్క పూర్తిగా కాలిపోయింది. అది మళ్లీ విశాఖపట్నం నుంచి రావాలి.

"నేస్తం వస్తే నేను చెబుతాను," అన్నాడు వెంకటరావు. "ఇంకో వారం ఆగమంటాను. నాకు అలవాటే."

"ఎక్కడికి రమ్మంటారు? వచ్చే సంతకి ఈ కొట్టు ఉండదు."

"ఇంటికి రమ్మంటాను. నా ఆలస్యమే అనుకుంటాడు. నీ మాట ఎత్తను."

అన్నపూర్ణ అరలన్నీ ఖాళీ అయిన గోడకేసి చూసింది. ఇన్నేళ్లూ అతని ఆలస్యాలకి తను అడ్డం నిలబడింది. ఇప్పుడు తన తప్పుకి అతను అడ్డం నిలబడతానంటున్నాడు. ఆ ప్రేమ తెలుస్తూనే ఉంది. కానీ పదకొండేళ్లు ఏమీ అడగని మనిషికి ఇంకొక "వచ్చే సంత" చెప్పడానికి మనసొప్పలేదు.

సోంబరు వచ్చాడు. డెబ్బైకి దగ్గరపడ్డాడు, నడుం మాత్రం ఇంకా నిటారు. అడ్డాకుల్లో చుట్టిన పొట్లం అరుగు మీద పెట్టి, ఖాళీ అరలు చూసి, "కొట్టు బోసిపోనాదే నేస్తం," అన్నాడు.

వెంకటరావు నోరు తెరవబోయాడు. అన్నపూర్ణ ముందే అంది. "సోంబరన్నా, నీ రేడియో పలకాల్సింది. ఈ పొద్దుటిదాకా పలికింది కూడా. నేనే పసుపు తడిపి లోపల పెట్టేసేను. గొంతు కాలిపోయింది. మీ నేస్తానిది ఏ తప్పూ లేదు."

సోంబరు ఆవిడ మొహంకేసి, తర్వాత ఆవిడ వేళ్లకేసి చూశాడు. గోళ్ల సందుల్లో ఇంకా పసుపుంది.

"ఏ పసుపు?"

"మీదే. పోయినేడు తెచ్చింది."

"అయితే మా పసుపుకి బలమెక్కువే," అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు. "సూపించండి మరి, ఏటి మిగిలిందో."

వెంకటరావు రేడియో తెచ్చి అరుగు మీద పెట్టాడు. సంత చప్పుడు కాసేపు సద్దుమణగడంతో కళ్లు మూసుకునే ఉన్నాయి. సోంబరు వంగి గాజుపలక అంచుని వేలితో నిమిరాడు. అచ్చియమ్మ పసుపు చేతుల మరకలు ఆ అంచున ఎప్పుడూ ఉండేవి. అన్నపూర్ణ తుడిచినా పూర్తిగా పోలేదు.

"ఇదే," అన్నాడు.

ఆ ఒక్క మాటకి కళ్లు తెరుచుకున్నాయి. సోంబరు ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. ఏంటెన్నా మెల్లగా లేచి నిలబడింది. రెండు గుండ్రటి కళ్లు అతన్నే చూస్తూ, ఆగి, రెప్పవేశాయి.

"నన్నే సూత్తందేటి?"

"నువ్వు మాటాడితే సూత్తాది నేస్తం," అన్నాడు వెంకటరావు. "అది శ్రోతలకు నమస్కారం అనాల్సింది. నేనే అన్నాను, పదిహేడుసార్లు అన్నాను. అదే పోయింది."

సోంబరు మళ్లీ ముందుకి జరిగాడు. సంతలో ఎవరో మైకులో చీరలు అమ్మడం మొదలుపెట్టారు. ఆ చప్పుడుకి కళ్లు మూతపడకుండా చూస్తూనే ఉన్నాయి. ముసలాయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, మొహం దాని దగ్గరగా తెచ్చి, చంటిపిల్లని పలకరించినట్టు అన్నాడు:

"నమస్కారం బాబూ, తిన్నావా?"

వెంకటరావు మొహం పక్కకి తిప్పుకున్నాడు. అన్నపూర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది అచ్చియమ్మ అన్నట్టే ఉంది, చివరి మాట కాస్త లాగి, తలెగరేసి.

"మా ముసల్ది ఉన్నప్పుడు ఇది మాటాడేది, అది యినేది," అన్నాడు సోంబరు. "ఇంట్లో నాను ఎవులితోటి మాటాడాల? కోడి సూడదు, మేక సూడదు. ఇది సూత్తంది." దుప్పటి తీసి మడత విప్పాడు. రేడియో తెచ్చిన రోజు దుప్పటి కాదది. అయినా చుట్టే పద్ధతి మాత్రం అదే, ముందు అడుగు, తర్వాత పక్కలు, గాజుపలక చివర్న.

"ఆ గొంతు ముక్క తెప్పిస్తాను నేస్తం. ఇంటికొచ్చి బిగిస్తాను."

"వచ్చే సంతకా?"

ముగ్గురూ నవ్వారు. వెంకటరావు వణికే చేత్తో కుంకుమ భరిణె తీసి, దుప్పటి అంచు తప్పించి, మూసి ఉన్న వెనక మూత మీద, పాత మరక పక్కనే, పొడి కుంకుమ అద్దాడు. ఆ కొట్లో అతను పెట్టిన చివరి బొట్టు అదే.

జీపులో జనం కిక్కిరిసి ఉన్నారు. సోంబరు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఊపిరాడదేమో అన్నట్టు దుప్పటి అంచు కాస్త తెరిచి ఉంచాడు. ఇంజను మోతకి దారి పొడుగునా అది రెప్పవెయ్యడమే గానీ కన్ను మూయలేదట. పక్కనున్న ఆడవాళ్లు భయపడి కొంత, నవ్వి కొంత జరిగారట. ఈ సంగతి అన్నపూర్ణకి మూడు సంతలయ్యాక తెలిసింది, పాడేరులో తమ ఇంటికి వచ్చి సోంబరు గుమ్మంలో కూర్చుని చెబితే.

ఆ గొంతు ముక్క అప్పటికే వచ్చి ఉంది. వెంకటరావు కవరు చూపించాడు. సోంబరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఉండనీ," అన్నాడు. "తొందరేటి? ఇప్పుడిప్పుడే దానికి అన్నీ సెబుతన్నాను."

అన్నపూర్ణ కాఫీ ఇచ్చి లోపలికి వచ్చింది. ఆ ముక్క కాలకపోయి ఉంటే అరుగు మీద ఆ రోజు అచ్చియమ్మ మాట వినిపించేదా? దేవుడు చూసే చేయించాడేమో అనుకుంది. అలా అనుకుంటే తన తప్పు మరీ తేలికైపోతుంది కదా అని మళ్లీ అనుకుంది. ఏదీ తేలలేదు.

బయటి నుంచి సోంబరు పిలిచాడు. వెళ్తూ వెళ్తూ అడ్డాకు పొట్లం ఆవిడ చేతిలో పెట్టాడు. కొత్త పంట పసుపు, ఇంకా మట్టి వాసన పోలేదు.

"దేవుడికి పెట్టుకో సెల్లమ్మా," అన్నాడు. రెండు మెట్లు దిగి ఆగి, వెనక్కి తిరిగాడు. "మిషన్లకి మాత్రం పొడిదే."